నడిచేవాళ్లను లెక్కపెట్టిన సార్

చదవబోయే పెద్దలందరికీ ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ సెలవు చీటీ తప్ప సొంతంగా ఏమీ రాయని నేను ఒక పెద్దమనిషి స్మృతి రాయడానికి పూనుకోవడం తెలుగు వచనానికి తీరని అన్యాయం. తెలుగు వచనం నన్ను మన్నించుగాక. మాకు రవాణా ఇంజనీరింగ్ చెప్పిన సార్ పోయిన నెల అశోక్‌నగర్‌లో తన ఇంట్లో నిద్రలోనే కన్నుమూశారు. సార్ భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, ఫోన్‌లో ఒక్క మాటే అన్నారు: “మీ సార్ లేడు బిడ్డా.”

రిటైరయ్యాక కూడా సార్ పొద్దున నారాయణగూడ చౌరస్తాలో, సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో నిలబడేవారు. రోడ్డు దాటేవాళ్లను లెక్కపెట్టేవారు. పండ్ల బండి అన్నకు గుండె దడ. “సార్, రోడ్డు వెడల్పు చేస్తరా? నా బండి తీసేస్తరా?” “లేదు తమ్మీ, నువ్వు ఎట్ల దాటుతున్నవో చూస్తున్న.” ఆ జవాబుతో అతని దడ ఇంకొంచెం పెరిగేది.

“బండ్లను లెక్కపెట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నడిచేటోళ్లకు ఒక్కడన్న ఉండాలె గద” అనేవారు.

ఉద్యోగం వెతుకుతూ తిరుగుతున్న నన్ను ఒకరోజు పట్టుకున్నారు. “ఖాళీగనే ఉన్నవ్ గద, జర నిలబడు.” మొదటి రోజే నా ప్రతిభ బయటపడింది. ఒక ముసలావిడ పాలకు ఒకసారి, ఇంటికి ఒకసారి, మరిచిపోయిన కరివేపాకుకు ఇంకోసారి రోడ్డు దాటింది. నేను తెలివిగా ఒక్క గీతే గీశాను.

“ఏంరా, ఒక్కటే గీసినవ్?”

“ఒక్కామెనే కదా సార్.”

“మూడుసార్లు పానం అరచేతుల పెట్టుకోని దాటింది రా ఆమె. మూడు గియ్.”

మా ఇంజనీరింగ్ పుస్తకాల్లో మనిషి ఒంటరిగా నిలబడి, బండికీ బండికీ మధ్య ఖాళీ దొరికాక దాటుతాడు. మన దగ్గర నలుగురు జమయ్యేదాకా ఆగుతారు. వాళ్లలో పెద్దావిడను ముందుకు పంపుతారు. ఆమె అడుగు వేస్తే సిటీ బస్సు కూడా ఆగుతుంది, మిగతావాళ్లు ఆమె వెనకాలే దాటేస్తారు. సార్ ఏళ్ల తరబడి గీసిన గీతల సారాంశం ఇదే. దీన్ని పేపర్‌గా రాసి, ఆసియా దేశాల రవాణా పరిశోధకులు కలిసే సదస్సులకు పంపేవారు. మెట్రోల గురించి, విమానాశ్రయాల గురించి మాట్లాడుకునే ఆ సభలు మా ముసలావిడను మూడుసార్లు వెనక్కి పంపాయి. ‘ఇది క్రమశిక్షణ లేకపోవడమే తప్ప పరిశోధన కాదు’ అని పేపర్‌ను పరిశీలించిన ఒకాయన రాశాడు. సార్ అది చదివి, “ఈయన నడిచి రోడ్డు దాటి ఎన్నేండ్లయిందో” అన్నారు. మర్నాడు మళ్లీ నారాయణగూడలో నిలబడ్డారు.

ఒకసారి శ్రోతగా బ్యాంకాక్ సదస్సుకు వెళ్లొచ్చారు. తెచ్చిన ఫొటోలన్నీ జీబ్రా గీతలే. “గుళ్లేవండీ?” అని ఆంటీ అడిగితే, “గుడికి పోయే తొవ్వ ఇదే” అన్నారట.

నాలుగోసారి, హనోయిలో జరిగే సదస్సుకు పేపర్ ఎంపికైంది. ప్రయాణం వద్దని డాక్టర్ అన్నాడు కాబట్టి ఆన్‌లైన్‌లో చదవాలని నిర్ణయం. రెండో రచయితగా నా పేరు కూడా చేర్చారు. అంతలోనే ఆయన పోయారు. చదివేవాళ్లు లేకపోతే పేపర్‌ను సదస్సు సంపుటిలోంచి తీసేస్తారు, అది నియమం. మా పేపర్ వంతు వచ్చిన రోజేమో ఆయన దశదినకర్మ.

పేపర్ ఉన్న సార్ లాప్‌టాప్ కోసం వాళ్లింటికి వెళ్తే ఇల్లంతా చుట్టాలు. సార్ తమ్ముడు అడ్డం నిలబడ్డారు. “ఇయ్యాల గూడ కంప్యూటరేంది? సిగ్గుండాలె జర.”

ఆంటీ లోపలి నుంచి వచ్చారు. “పిండం పెట్టనీకి మీరందరున్నరు. ఆయన రాసింది చదవనీకి ఈ పిల్లగాడొక్కడే ఉన్నడు. పైకి పో బిడ్డా.”

పైగదిలో కిటికీ మూసినా హారన్లు ఆగలేదు. సభాధ్యక్షుడు సార్‌కు నివాళి చెప్పి, వెనక చప్పుడు కొంచెం తగ్గించగలరా అని మర్యాదగా అడిగాడు. “సార్, మా పేపరంతా ఆ చప్పుడు గురించే” అన్నాను. చివర్లో హనోయి పరిశోధకురాలు ఒకామె లేచి, “మా వీధిలో కూడా ముందు నడిచేది అమ్మమ్మే. ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు రాయలేదు?” అంది. పేపర్ సంపుటిలో నిలిచింది.

పేపర్‌ను నేనే కాపాడానని ఇప్పుడు గల్లీలో అందరూ అంటున్నారు. అబద్ధం. గీతలు ఆయనవి, మాటలు ఆయనవి, నన్ను పైకి పంపింది ఆంటీ. నేను చేసింది ఒక్కటే. ఆన్‌లైన్ సభలోకి వెళ్లేముందు కంప్యూటర్ పేరు అడిగింది. సార్ లాప్‌టాప్ కాబట్టి గడిలో ఆయన పేరు అప్పటికే ఉంది. అది చెరిపి నా పేరు రాయమని నిర్వాహకులు ముందే మెయిల్ పెట్టారు. నేను చెరపలేదు. కెమెరా ఆపేసి చదవడం మొదలుపెట్టాను. నేను నోరు తెరిచినప్పుడల్లా, మాట్లాడేది ఎవరో చూపించే పచ్చటి గీత తెర మీద ఆయన పేరు చుట్టూ వెలుగుతూ ఉంది.