నీళ్లు లేని లోకాన్ని కట్టిన మా మరిది

మంగళవారం పొద్దున ఖమ్మం దవాఖానా నుంచి మా ఆయన ఫోన్ చేసి, "తమ్ముడు పోయిండు" అన్నారు.

కిడ్నీలు రెండూ చెడిపోయాక మా మరిది హైదరాబాదులో ఉద్యోగం వదిలి, పాల్వంచలో మా ఇంటికి వచ్చేశాడు. వస్తూ ఒక ఆట తెచ్చాడు. అందులో ఒకరు లోకాన్ని కల్పించి చెబుతారు. మిగతావారు ఆ లోకంలో మనుషులై ఏం చేస్తారో చెబుతారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. లోకాన్ని కట్టేది మా మరిది. అది ప్రళయం తర్వాతి లోకం. గోదావరి ఎండింది, అడవి బూడిదైంది, మంత్రగాళ్లు కూడా చుక్క నీరు పుట్టించలేరు.

ఆదివారాలు మా ఆయనతో పనిచేసే కుర్రాళ్లు నలుగురు వచ్చి అతని మంచం చుట్టూ కూర్చునేవారు.

"అన్నా, లోకం పోతే పోయింది, ఒక్క చాయ్ బండన్న పెట్టరాదే?" అనేవాడు ఒకడు.

"చాయ్ దొరికితే ఇగ ప్రళయమేందిరా? పాచికెయ్!"

రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు అతనికి కట్టడి చేశాడు. కొలిచి ఇచ్చేదాన్ని నేనే. ఎండాకాలంలో గ్లాసును పెదవులకు ఆనించుకుని, తాగకుండా కాసేపు అలాగే ఉండేవాడు. ఆటలోనూ అదే నియమం పెట్టాడు. "లోకమెట్ల పోయిందో ఎవనికి గావాలె వదినా? మిగిలినోళ్లకు దేనికి కరువో తెలిస్తే చాలు. ఊర్లు, దొంగలు, దయ్యాలు అన్నీ అండ్లకెళ్లే పుడ్తయ్" అనేవాడు.

పదో తరగతి వరకే చదివిన నన్ను కూర్చోబెట్టి సలహా అడిగింది అతనొక్కడే.

"అన్నీ పోయినంక జనం దేవునికి ఏం పెడ్తరు వదినా?"

"ఏం లేకుంటే దండం పెడ్తరు."

అప్పటి నుంచి అతని లోకంలోని గుళ్లలో నైవేద్యం లేదు. చేతులు జోడించి నిలబడ్డ జనమే ఉన్నారు.

ఆటలో ఆ నలుగురి నీళ్లు తరిగిపోతుంటే నాకు భయం వేసేది. "ఏడనన్న ఒక్క ఊట పెట్టు నాయనా" అని బతిమాలాను.

"పెట్టిన. ఏడనో జెప్ప. నీది మెత్తటి మనసు, జల్దిన వాళ్లకు జెప్పేస్తవ్."

ఆఖరి ఆదివారం ఆటలో వాళ్ల నీళ్ల తిత్తులు ఖాళీ అయ్యాయి. "ఎటుదిక్కో చేత్తోటన్న చూపియ్యన్నా" అన్నారు. "ఇంకొంచెం దూరం. వచ్చే ఆదివారం చేరుతరు" అన్నాడు.

మర్నాడే అతనికి ఊపిరి అందలేదు. జీపు ఎక్కిస్తుంటే అతని చెవి దగ్గరికి వంగాను. "ఊట ఏడ పెట్టినవ్ నాయనా? పిల్లలు అడిగితే నేనేం జెప్పాలె?" పెదవులు కదిలాయి. మాట రాలేదు.

దినాలయ్యాక కుర్రాళ్లు వచ్చారు. "నీకు జెప్పే ఉంటడు వదినా" అన్నారు. తెలియదన్నాను. మనమే ఒకటి పెట్టుకుందామని ఒకడు గొణిగాడు. "మనం పెడితే అది అన్న పెట్టిన ఊట గాదు గదరా" అన్నాడు చాయ్ బండి అడిగిన పిల్లాడు.

ఇప్పుడు దండం పెట్టుకోవడానికి రాముడి పటం ముందు కళ్లు మూసుకుంటే ఎండిన గోదావరి ఇసుక కనిపిస్తోంది. నలుగురు వరుసగా నడుస్తున్నారు. ముందున్నవాడు ఆగి, ఇంకెంత దూరమని అడగడానికి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.