మా తమ్ముడి కార్వెట్టూ, లోర్నా జుట్టూ

మా తమ్ముడు వెండెల్ గురించి చెప్పాలంటే ముందు నా గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. వాణ్ణి పెంచింది నేనే కాబట్టి. ప్లమ్ ఫోర్క్ ఊరి చివర ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. జిల్లా స్పెల్లింగు పోటీలో పట్నం పిల్లలందరినీ ఒక్కొక్కరిగా ఓడించి కూర్చోబెట్టాను. మా ధాన్యం సహకార సంఘం బోర్డులో కుర్చీ వేయించుకున్న మొదటి ఆడదాన్ని నేనే. జిల్లా ప్రదర్శనలో నా గసగసాల కొలాచీ రొట్టెలకు ఏటా నీలం రిబ్బను వస్తుంటే మిగతా ఆడవాళ్ళు ఓర్వలేకపోయారు. నన్ను పోటీలోంచి తప్పించే దారి దొరక్క చివరికి న్యాయనిర్ణేతను చేశారు. నెబ్రాస్కాలో ఇంతమందిని ఇంత భయపెట్టిన రొట్టె ముక్క ఇంకోటి లేదు.

వెండెల్‌కి ఇలాంటి ఘనతలేవీ లేవు. జీవితమంతా గ్యాసు లారీ నడిపాడు. ఏ పొలానికి వెళ్ళినా ట్యాంకు నింపి, ఆ ఇంటి కుక్కతో కాసేపు కబుర్లాడి, మనుషులతో మాట్లాడకుండా వచ్చేసేవాడు. వాడి నోట్లోంచి వచ్చే పెద్ద పొగడ్త "ఫర్వాలేదు". సుడిగాలి మా పశువుల కొట్టం పైకప్పు ఎత్తుకెళ్ళినప్పుడు కూడా, ఆకాశం కనబడే ఆ కొట్టం మధ్యలో నిలబడి వాడు అదే మాటన్నాడు.

అలాంటివాడు ఒక పొలం వేలంలో చెయ్యెత్తి పాత కార్వెట్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. చెవి గోక్కోబోయి ఇరుక్కుపోయాడని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. పక్కనే ఉన్నాను, ఎత్తిన చెయ్యి ఒక వైపు, గోక్కున్నాడన్న చెవి ఇంకో వైపు ఉన్నాయి. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ పైకప్పు. అప్పటికి ఆ పైకప్పు లేదు, ఇంజను లేదు, సీట్లలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. దాన్ని నా షెడ్డులో పెట్టుకుని, ఏళ్ళ తరబడి ఒక్కో మర చేర్చి, బంపర్లకు వెండి మెరుపు తెప్పించి, ఒళ్ళంతా ఎరుపు, బుగ్గలకు తెలుపు రంగు వేశాడు. పూర్తయిన రోజు దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి ఏమీ అనలేదు. నాకు భయమేసింది. వాడు ఫర్వాలేదని కూడా అనలేనంత సంతోషంగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి.

డెబ్బయ్యో పడిలో పడ్డాక ఈ బ్రహ్మచారికి లోర్నా టెస్కా మీద మనసైంది. లోర్నా మా చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. భర్త పోయి చాన్నాళ్ళయింది. మనిషి పొడుగు, జుట్టు ఇంకా పొడుగు. ప్రతి శుక్రవారం సెలూన్‌కి వెళ్ళి ఆ జుట్టును గోపురంలా కట్టించుకుంటుంది. ఆ గోపురం వారమంతా నిలవాలి. ఒక శనివారం వెండెల్ ఆమెను పైకప్పు తీసిన కారులో వేపుడు చేపల విందుకు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గోపురం గడ్డివాము అయింది. అంతటితో పోలేదు. మర్నాడు ఆదివారం, రెండో కీర్తన మధ్యలో, ఆ జుట్టులోంచి ఒక మిడత బయటికి దూకి ఫాదర్‌గారి పుస్తకం మీద వాలింది.

ఆ వారమే మావాడు పెళ్ళి మాటెత్తాడు. వేళ చూసుకోవడం వాడికి చేతకాదు. ఎలా అడిగావురా అంటే, "నీకేం పని లేకపోతే పెళ్ళి చేసుకుందామా అన్నానక్కా" అన్నాడు.

లోర్నా సరేనంది. అయితే కారు అమ్మేయాలంది. మొక్కజొన్న కోతలు మొదలయ్యేలోగా అది ఊరు దాటకపోతే తాను ఎప్పటిలాగే లోర్నా టెస్కాగా ఉండిపోతానంది. వెండెల్ మూడు రోజులు షెడ్డులోనే అన్నం తిన్నాడు. ఆ తర్వాత కారు ముందు అద్దం మీద ఒక అట్ట పెట్టాడు. దాని మీద ఇలా ఉంది: అమ్మబడును, కానీ తొందరేమీ లేదు.

మా దగ్గర రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి బండికీ స్టీరింగు మీంచి చూపుడు వేలు ఎత్తాలి. తెలిసినవాళ్ళయినా, తెలియనివాళ్ళయినా. చుట్టాలకు రెండు వేళ్ళు, ఫాదర్‌గారికి నాలుగు. ఎత్తకపోతే ఆ మనిషికి ఒంట్లో బాగాలేకైనా ఉండాలి, లేదా మనతో పగైనా ఉండాలి. వెండెల్ కొనవచ్చిన వాళ్ళకు ఈ సంగతి చెప్పేవాడు కాదు. పక్క సీట్లో కూర్చుని, స్టీరింగు వాళ్ళకిచ్చి, చర్చి దాకా వెళ్ళి రమ్మనేవాడు. వాళ్ళ వేళ్ళ వంకే చూస్తూ ఉండేవాడు. వేలు సరిగ్గా ఎత్తనివాళ్ళకు కారు ఇవ్వకూడదని వాడి లెక్క.

ఒమాహా నుంచి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. తెల్ల బూట్లు. ఎదురొచ్చిన ఏడు బళ్ళకు ఒక్క వేలూ ఎత్తలేదు. సాయంత్రానికి నాకు ఫోన్ల మీద ఫోన్లు, మీ తమ్ముడికి మా మీద కోపమెందుకని. తర్వాత డెన్వర్ నుంచి ఒక జంట వచ్చింది. ఆ అబ్బాయి ఎవరో వేలెత్తడం చూసి సంబరపడి రెండు చేతులూ ఊపాడు. కారు వెళ్ళి సోయా చేలో ఆగింది. ఇంకొకాయన ఎన్నికల్లో నిలబడ్డవాడిలా అరచెయ్యి ఊపుతూనే పోయాడు, ఎవరూ ఎదురు రాకపోయినా. వెండెల్ అందర్నీ మర్యాదగానే సాగనంపాడు. అట్ట మాత్రం అక్కడే ఉంది. కోతలు దగ్గరపడ్డాయి.

"నువ్వు కారు అమ్మడం లేదురా, పెళ్ళి తప్పించుకుంటున్నావు" అన్నాను.

"లేదక్కా. పెళ్ళీ కావాలి."

"'పెళ్ళీ' ఏమిట్రా, 'పెళ్ళీ'? రెండూ రావు నీకు."

వాడు తల దించుకుని బంపరు తుడిచాడు. అది అప్పటికే తుడిచి ఉంది.

ఆ గురువారం ఇర్మా అనే ఆవిడ కారు చూడ్డానికి వచ్చింది. అవతలి జిల్లాలో రిటైరైన పోస్టుమనిషి. పొట్టి జుట్టు, పెద్ద నవ్వు. కారు నచ్చుతుందని ఎంత నమ్మకమో, దింపిన మేనల్లుణ్ణి వెంటనే పంపించేసింది. వాళ్ళను సరిగ్గా ఆ వేళకే చర్చి వైపు బయల్దేరదీసింది నేను. గురువారం ఆ వేళకు లోర్నా ఆర్గన్ సాధనకు వెళుతుందని నాకు తెలుసు. బోర్డు సమావేశాల్లో ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే ఏ పని అవుతుందో చూసినదాన్ని నేను. నా ఘనతల్లో ఇది ఇంతవరకు చేర్చలేదు, ఇప్పుడు చేరుస్తున్నాను.

తిరిగొచ్చేసరికి వెండెల్ మొహంలో నెత్తురు లేదు.

"వేలెత్తింది అక్కా."

"ఎవరికి?"

"అందరికీ. ట్రాక్టరుకి ఎత్తింది. దిష్టిబొమ్మకి ఎత్తింది. నొవాక్ వాళ్ళ ఆంబోతుకి ఎత్తింది."

"ఇంకేం మరి, అమ్మెయ్."

వాడు కారు దిగలేదు. దిగకుండానే, గొంతు తగ్గించి, "లోర్నా ఎదురొచ్చింది. ఈవిడ నవ్వుతూ నా భుజమ్మీద చరిచే సమయానికి. లోర్నా నన్ను చూసింది, చూసి వేలు ఎత్తలేదక్కా" అన్నాడు.

ప్లమ్ ఫోర్క్‌లో లోర్నా టెస్కా వేలు ఎత్తకపోవడం అంతకు ముందు జరగలేదు. భర్త శవం వెనక వెళుతూ కూడా ఎదురొచ్చిన పాలబండికి ఎత్తిన మనిషి. ఇర్మా మాత్రం కారు దిగి, ఇదేమీ పట్టించుకోకుండా చెక్కు పుస్తకం కోసం సంచీ వెతుక్కుంటోంది. వెండెల్ ఆ సంచీ వంక, రోడ్డు వంక, నా వంక చూస్తున్నాడు. అప్పుడే మా ముంగిట్లోకి లోర్నా కారు దుమ్ము రేపుకుంటూ వచ్చింది.

దిగి తిన్నగా కార్వెట్ దగ్గరికి వెళ్ళింది. ఇర్మాకు మర్యాదగా తలూపింది. ఇన్నేళ్ళూ నన్ను ఆర్డిత్ గారూ అని పిలిచిన మనిషి నావైపు తిరిగి, "వదినా, ఈ అట్ట ఎక్కడ పారేయాలి?" అంది.

నేను చెత్తడబ్బా చూపించాను.

"ఆవిడ కొంటానంది లోర్నా," అన్నాడు మావాడు, బుద్ధి లేకుండా.

"ఆవిడకి ఇంకేదైనా అమ్ముకో. ఈ కారు ఎక్కడికీ పోదు."

"మరి నీ జుట్టు?"

లోర్నా గోపురాన్ని ఒకసారి తడుముకుంది. "ఇవాళ గురువారం. ఎలాగూ రేపు కట్టించుకోవాలి. ఇకనుంచి గురువారాలు తిరుగుదాం" అని స్టీరింగు వైపు తలుపు తీసి కూర్చుంది. "పైకప్పు వేసే మీట ఎక్కడుందో చెప్పు. వాన వస్తే వెతుక్కోలేను."

వెండెల్ ఒక్కొక్కటీ చూపించాడు. మీటలన్నీ చూపించడానికి వాడికి చాలాసేపు పట్టింది, ఉన్నవి నాలుగే అయినా. తర్వాత కారు ధాన్యం గిడ్డంగి వైపు వెళ్ళిపోయింది. మలుపు దగ్గరికి వచ్చేసరికే గోపురం ఒక పక్కకు ఒరిగింది.

ముంగిట్లో నేనూ, తెరిచిన చెక్కు పుస్తకంతో ఇర్మా మిగిలాం. మేనల్లుడు వెళ్ళిపోయాడు. పాపం, ఇంటికి ఎలా పోవాలో తెలియక నావైపు చూసింది. లోపలికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చాను. మా ఆయన పోయాక షెడ్డులో మూలుగుతున్న నాలుగు తలుపుల కారు సంగతి ఎత్తాను. ముందు లోపాలు చెప్పాను, మాకు అది పద్ధతి. ఎడమ తలుపు తన్నితే గాని తెరుచుకోదు, హీటరు ఏ కాలంలోనూ ఆగదు. ఆమె రెండో కప్పు కాఫీ తాగి, వెళ్ళి తలుపును ఒక్క తన్ను తన్నింది. తెరుచుకుంది. ఆ తన్ను చూసి బేరమాడకుండా ఇచ్చేశాను.

పెళ్ళి అక్టోబరులో, కోతలయ్యాక జరిగింది. ఇర్మా ఆ కారులోనే వచ్చింది. ఆ రోజు మంచు కురిసింది, కార్వెట్‌లో వచ్చిన పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ చర్చి ముందు వణుకుతూ నిలబడితే, విందు దాకా వాళ్ళను హీటరు కారులో ఎక్కించుకెళ్ళింది ఆవిడే. ఆ కారు అమ్మింది ఎవరో మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటాను.