అట్టలు చింపి చదివే మా అత్తమ్మ

మొన్నటి వానాకాలంలో మా మేనత్త చచ్చిపోయింది. ఈ మాట మొరటుగా ఉందని ఎవరికైనా అనిపిస్తే నన్ను మన్నించాలి, ఇది ఆమె ఎంచుకున్న మాటే. కిడ్నీలు పాడై ఉప్పల్‌లో ఒక దవాఖానాలో ఉన్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచి చెప్పింది. "కాలం చేసింది, కన్ను మూసింది అని రాయకురా. చచ్చిపోయింది అని రాయి. అందరికి సమజైతది."

ఆమెను ఇంకా ఇంటికి తీసుకురాకముందే నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. పంపింది నాచారంలో ఒకప్పుడు మేము వెళ్లిన పుస్తక పఠన బృందం కన్వీనర్. పైన తామర పువ్వు, పక్కన దీపం, కింద "మన ప్రియతమ మేడమ్ గారు మహాపరినిర్వాణం పొందారు" అని. అది బుద్ధుడికి వాడే మాట. బతికి ఉండగా ఆమె మాట ఒక్కటీ సాగనివ్వని మనిషి, పోయిన గంటలోనే ఆమెను బుద్ధుణ్ణి చేసి కూర్చోబెట్టాడు. చావు ఇంట్లో నాకు నవ్వొచ్చింది. ఆమె చదివి ఉంటే నాకంటే గట్టిగా నవ్వేది.

ఆమె ప్రభుత్వ హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మా నాన్న చిన్న వయసులోనే పోతే నన్ను చదివించింది ఆమే. నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో రెండు గదుల ఇల్లు, నిండా పుస్తకాలు. కొత్త పుస్తకం రాగానే దాని పై అట్ట చింపేసేది. ఆ గట్టి కాగితాన్ని పచ్చడి సీసా మీద మూతలా కట్టేది. ఎందుకని అడిగితే, "అట్ట మీద రాసెటోడు లోపల సదవడురా. ఆని మాట మనకెందుకు" అనేది. మా ఇంట్లో మామిడికాయ తొక్కు సీసాల మీద గొప్ప గొప్ప వాళ్ల పొగడ్తలు ఉండేవి.

మా తాతను ఊళ్లో గుడి మెట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. అత్తమ్మ టీచరయ్యాక అదే గుడికి చందా అడగడానికి ఊరి పెద్దలు బడికి వచ్చారు. ఆమె వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, వట్టి చేతులతో పంపింది. ఆ ఏడాదే బౌద్ధం తీసుకుంది. ఆ సంగతి ఊరంతా చాటలేదు, పేరు మార్చుకోలేదు, ఇంట్లో బుద్ధుడి బొమ్మ కూడా పెట్టలేదు. "బొమ్మ తుడుసుకుంట కూసుంటె ఆయన చెప్పింది సదివేదెప్పుడు?" అనేది. మా వాళ్లలోనే కొందరు పున్నమి రోజు బుద్ధుడి పటానికి దండలు వేస్తుంటే వాళ్లనూ వదల్లేదు. "ఇయ్యాల దండ. రేపు కొబ్బరికాయ. ఎల్లుండి ఒక పూజారి. ఇగ మన సంగతి మల్ల మొదటికే" అని మొహం మీదే చెప్పి వచ్చేది. అందుకే ఆమె చుట్టూ మనుషులు పెద్దగా మిగల్లేదు. మిగిలిన వాళ్లం మాత్రం ఆమె తిట్లు వినడానికే వెళ్లేవాళ్లం. ఆమె తిట్టిందంటే మన మాటను పట్టించుకుందని అర్థం. పట్టించుకోని వాళ్లను ఆమె "మంచిదండి" అని సాగనంపేది.

పఠన బృందానికి ఆమెను తీసుకెళ్లింది నేనే. రైలు పట్టాల పక్కన ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో నెలకో ఆదివారం కలిసేవాళ్లం. కన్వీనర్ కోస్తా నుంచి వచ్చి స్థిరపడి, పెద్ద ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పుస్తకాల గురించి మాట్లాడటమంటే ఆయనకు ఎంత ఇష్టమంటే, చదవడానికి తీరిక ఉండేది కాదు. ఒక ఆదివారం, వచ్చే నెల బౌద్ధం మీద ఒక పుస్తకం పెట్టుకుందామని ప్రకటించాడు. ఆ మధ్య ఆయన షోకేస్‌లోకి ఒక ఇత్తడి బుద్ధుడు వచ్చాడు. ఆలోచన అక్కడ పుట్టిందని మా అందరికీ తెలుసు.

ఆయన తెచ్చిన పుస్తకం పలుచగా, నున్నగా ఉంది. ఆఫీసులో కోపం రాకుండా ఉండటం ఎలాగో, ఊపిరి ఎలా పీల్చాలో, బుద్ధుడి పేరు మీద ఎవరో రాసింది. అత్తమ్మ తన సంచిలోంచి పాత తెలుగు పుస్తకం ఒకటి తీసింది. బుద్ధుడి దగ్గరికి మామూలు జనం వచ్చి అడిగిన ప్రశ్నలు, ఆయన చెప్పిన జవాబులు అందులో ఉన్నాయి. కన్వీనర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మధ్యలో ఒకచోట ఆగి, చదివి, వేడి గిన్నెను దింపినట్టు బల్ల మీద పెట్టేశాడు.

"ఇందులో కులం గురించి ఉందండీ మేడమ్. మన గ్రూపులో రాజకీయాలు వద్దనుకున్నాం కదా."

"బౌద్ధం పుస్తకం అన్నది మీరే గద సార్."

"అంటే, కాస్త ప్రశాంతంగా ఉండేది అని నా ఉద్దేశమండి."

"కులం మాటెత్తితె పొయ్యే ప్రశాంతమా మీది?"

పక్కన కూర్చున్న టైల్స్ షాపాయన కలగజేసుకున్నాడు. "ఆదివారం పూట గింత బరువు ఎందుకు మేడమ్? జర లైట్‌గ పోదాం."

"పోదాం" అంది అత్తమ్మ. "ఆయన చెప్పిన మాటలన్ని తీసేస్తె బొమ్మ మిగుల్తది. సార్ ఇంట్ల బొమ్మ ఉన్నది. దాన్ని తెచ్చి నడుమ పెట్టుకోండ్రి. అందరం సూసుకుంట కూసుందాం. అంతకన్న లైట్ ఏముంటది?"

చేతులెత్తమన్నారు. ఆమె పుస్తకానికి మూడు చేతులు లేచాయి. ఆమెది, నాది, మల్లాపూర్‌లో కుట్టు సెంటర్ నడిపే ఒక క్రిస్టియన్ అక్కది. మిగతా హాలంతా ఊపిరి పీల్చడం వైపు వెళ్లిపోయింది.

ఇంక ఆమె ఆ గుంపు మొహం చూడదనుకున్నాను. మర్నాడు సాయంత్రం వెళితే ఆ పలుచని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అంచుల్లో పెన్సిల్‌తో రాసుకుంటూ కూర్చుంది. అట్ట అప్పటికే పోయింది. "ఇదెందుకు అత్తమ్మా?" అన్నాను. "తిట్టాలంటె సదవాలె గద" అంది, తలెత్తకుండా.

మరుసటి నెల హాలు నిండింది. ఆ పుస్తకాన్ని ఎన్నుకున్న వాళ్లలో ఒక్కరూ దాన్ని చదవలేదు. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి దాని మీద ఎవరో చేసిన చిన్న వీడియో చూసి వచ్చాడు. టైల్స్ షాపాయన తన బీపీ గురించి చెప్పాడు. ఒకావిడ ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో తాను ఎలా కళ్లు మూసుకుంటుందో చెప్పింది. బండి నడిపేది ఆవిడ కాదనే అనుకున్నాను. కన్వీనర్ గంభీరంగా చెప్పినదంతా వెనక అట్ట మీదిదే. మాట పొల్లుపోకుండా అదే.

చివర్న అత్తమ్మ లేచింది. "ఈ పుస్తకం మంచిది కాదు. నేను మొత్తం సదివిన" అని మొదలుపెట్టింది. "ఒక్క పేజీ మాత్రం మంచిగున్నది. తమ్ముడు పోయిననాడు తనకు ఊపిరి సంగతి యాదికే రాలేదని, గోడకు ఆనుకొని కూసున్ననని రాసిండు. పక్కింటోళ్లు అన్నం తెచ్చి తినిపించిన్రట. ఆ ఒక్క పేజీల ఈ మనిషి అబద్ధమాడలె. మనం అక్కడికెల్లి మాట్లాడుదాం. మీ ఇండ్లల్ల ఎవరన్న పోయిన్రా? అప్పుడు మీరు ఏం జేసిన్రు?"

కుట్టు సెంటర్ అక్క గొంతు సవరించుకుంది. "మా ఆయన పోయినప్పుడు నేను ఒక జాకెట్ కుడుతున్న. సగంల ఉండె..." అంది.

"సమోసాలు వచ్చేశాయండీ" అన్నాడు కన్వీనర్. "చల్లారిపోతాయి. ఈ చర్చను ఇంత చక్కగా ముగించినందుకు మేడమ్ గారికి ధన్యవాదాలు."

కుర్చీలు జరిగాయి. అక్క నోరు అలాగే కొంచెం తెరిచి ఉండిపోయింది. నేను చాలామంది పనికిమాలిన వాళ్లను చూశాను. అయినా ఆ మనిషిని చూస్తే ఇప్పటికీ నాకు నోట్లో చేదు ఊరుతుంది. అత్తమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. అక్క చేయి పట్టుకుని బయట మెట్ల మీదికి తీసుకెళ్లింది. ఆ జాకెట్ ఎవరిది, తర్వాత దాన్ని ఎవరు పూర్తి చేశారు, అంతా అడిగి, మొత్తం విన్నది. అంతవరకూ మనుషులను చీల్చి చెండాడటమే చూసిన నాకు, ఆమె అంతసేపు ఎదుటి మనిషి మాట వింటూ కూర్చోవడం కొత్త.

ఆ తర్వాత మేం ముగ్గురం అత్తమ్మ ఇంట్లోనే ఆ పాత ప్రశ్నల పుస్తకం చదువుకున్నాం. అక్క ప్రతిదానికీ బైబిల్‌లోంచి ఒక మాట తెచ్చేది. అత్తమ్మ దానితో కొట్లాడేది. ఇద్దరూ ఒకరి మతంలోకి ఒకరు రాలేదు, ఒకరింటికి ఒకరు రావడం మానలేదు. బృందం వాళ్లు అత్తమ్మను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ఆ శిక్ష వృథా అయింది. ఆమె దాన్ని ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఆమె పోయాక బృందం సంతాప సభ పెట్టింది. ఆమెను "శాంతమూర్తి" అన్నాడు కన్వీనర్. నా పక్కన అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందని వెనకవాళ్లు అనుకుని ఉంటారు. తర్వాత ఆయన, మేడమ్ గారి స్మృతికి నివాళిగా వచ్చే నెల ఆమె కోరిన పుస్తకాన్నే చర్చిస్తామన్నాడు. చప్పట్లు కొట్టారు. మనిషి లేచి ప్రశ్న అడగలేని స్థితికి చేరాక ఆమె పుస్తకం వాళ్లకు నచ్చింది. జిరాక్స్ తీయించడానికి నన్నే ఆ ప్రతి అడిగాడు. ఇచ్చాను, వారంలో తిరిగిచ్చాడు.

చర్చ రోజు అందరి చేతుల్లోనూ కాగితాలు ఉన్నాయి. నా కట్ట పలుచగా అనిపించి తిరగేశాను. మనిషి ఎక్కువతక్కువలు పుట్టుకతో వస్తాయా అని బుద్ధుణ్ణి ఒకడు అడిగే భాగం లేదు. కన్వీనర్‌ను అడిగాను.

"టైమ్ సరిపోదని కొన్ని భాగాలే తీయించానండి. ముఖ్యమైనవన్నీ ఉన్నాయి."

ఆమె దగ్గరే పెరిగిన నాకు ఆ క్షణంలో ఆమె నోరు రాలేదు. ఒక్క మంచి తిట్టు కూడా తట్టలేదు. సంచిలోంచి ఆమె పుస్తకం తీసి, లేచి నిలబడి, ఆ భాగం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

"బాబూ, మనకు ఒక క్రమం ఉందిగా" అన్నాడు కన్వీనర్.

"సదవనియ్యండ్రి సార్" అంది అక్క. గొంతు పెంచకుండానే అంది. ఆయన కూర్చున్నాడు.

సగంలో ఉండగా చర్లపల్లి నుంచి వచ్చే రైలు హాలు వెనక పట్టాల మీదికి వచ్చింది. నా మాట నాకే వినిపించలేదు, ఆగిపోయాను. పొడవైన రైలు అది. లేచి వెళ్లదలచుకున్న వాళ్లకు అంతకంటే మంచి అదును దొరకదు. తలుపు తెరిచే ఉంది. నేను పుస్తకం పట్టుకుని ఒక్కొక్క మొహమే చూస్తూ నిలబడ్డాను. పెట్టె తర్వాత పెట్టె పోతూనే ఉంది.

చివరి పెట్టె దాటేవరకు ఎవరూ లేచి వెళ్లలేదు. వీడియో చూసి వచ్చే ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయి వెనక వరసలోంచి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అన్నా, రైలు చప్పుడుకు ఆఖరి మాట వినపడలె. మల్ల సదువు" అన్నాడు. అతని మీద నాకున్న చిన్నచూపును ఆ పూటకు పక్కన పెట్టాను. కిటికీ అద్దాలు ఇంకా సన్నగా అదురుతున్నాయి. వేలితో ఆ వాక్యం మొదలు వెతుక్కున్నాను.