ఇద్దరికీ చెరిసగం

కంపాలాలోని కలెర్వె బజారులో టమాటాలమ్మే బబిర్యేతో బేరమాడి నెగ్గినవాళ్లు లేరు. ఆమె కవల చెల్లెలు నకాటో మాత్రం మంచం పట్టింది. ఇద్దరిదీ ఒకే పోలిక, ఒకే నెత్తురు. జబ్బు మాత్రం ఒకదానికే వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే చెల్లెలి మూత్రపిండాల మీద పడ్డాయి.

కణాల్లో చిట్టి చిట్టి ఆర్ఎన్ఏ ముక్కలుంటాయని చెప్పాడు డాక్టర్ ముగేర్వా. అవి ఏ ప్రోటీనూ తయారుచేయవు. దాడి చెయ్యమంటూ పోయే కబుర్లను దారిలోనే పట్టుకుని నోరు నొక్కేస్తాయి. నకాటోలో అవి తగ్గిపోయాయి. మాత్రలు సరిగా పడితే దాడి చల్లారుతుంది, ప్రాణం దక్కుతుంది.

"మరి నాకెందుకు సూది?" అంది బబిర్యే.

"జబ్బులేని నీ రక్తంతో పోల్చి చూడాలి కదా."

"అయితే పోటుకో బుట్ట టమాటాలు కొను డాక్టరూ!"

తల్లి చేత్తో ఎన్ని మాత్రలు పడ్డా నకాటో కాళ్ల వాపు తగ్గలేదు. ఒకరోజు డాక్టర్ బబిర్యేని పిలిపించాడు.

"మీ చెల్లి మందు నువ్వు మింగుతున్నావా?"

"నాకేం రోగం?"

"మందు వేసుకున్నవాళ్లలో మారినట్టే నీ రక్తంలో ఆ ముక్కలు మారాయి. ఊరికే మారవమ్మా."

రోజూ పొద్దున తల్లి కాచిచ్చే రాగిజావ గుర్తొచ్చింది బబిర్యేకి. చేదుగా ఉందేమిటని తల్లిని దెప్పింది కూడా. ఇంటికెళ్లి నిలదీసింది.

"నేనే నూరి కలిపాను," అంది తల్లి, తప్పేముందన్నట్టు. "సగం దానికి, సగం నీకు. కవలల్లో ఒకదానికి పెట్టి ఒకదానికి మానేస్తే ఇంటికి కీడు. గౌన్లు కుట్టిస్తే రెండు కుట్టించలేదుటే?"

"అది గౌను కాదమ్మా, మందు!"

ఇకమీదట మందంతా నకాటోకే ఇస్తానని తల్లి గొణుక్కుంటూనే ఒప్పుకుంది. మాత్రలు పూర్తిగా పడ్డాయి గానీ, మూత్రపిండాలు అప్పటికే పాడైపోయాయి.

"సగం మందువల్లే ఇలా అయిందని అమ్మతో అనకే అక్కా," అంది నకాటో. "తెలిస్తే అమ్మ బతకలేదు."

పోయేవాళ్లకేం, మంచి మాట చెప్పి పోతారు. ఆ మాట గొంతులో పెట్టుకుని బతకాల్సింది ఉన్నవాళ్లు.

కవలలు చనిపోయారనకూడదు అక్కడ, ఎగిరిపోయారనాలి. నకాటో ఎగిరిపోయిందని అందరూ వచ్చి చాపల మీద కూర్చున్నారు. తల్లి ఏడుస్తూనే తలెత్తి చెప్పింది.

"ఇద్దరికీ ఏనాడూ తేడా చెయ్యలేదు. చివరిదాకా సమానంగా పెట్టాను. కావాలంటే దీన్ని అడగండి."

అందరూ బబిర్యే వైపు తిరిగారు. తల్లి మీద అరవాలని ఒళ్లంతా మండిపోతోంది.

"అవునమ్మా," అంది బబిర్యే. "సమానంగానే పెట్టావు."