ఆ ఎరుపు ఒక్కటే

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. కళ్యాణదుర్గంలో బట్టలంగడి ఇంటి పిల్లను. అంచు తిప్పి చూడకుండా దేవుడిచ్చిన చీరైనా తీసుకోనని ఇంట్లో ఎగతాళి. ఇదీ అలా తిప్పి తిప్పి చూసిన సంగతే.

ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పాను. "ఈసారి గూడా పోతే సదువు సాలు, అంగట్లో కూసో" అన్నాడు నాయన. నాకేమో డిగ్రీలో ఫిజిక్సే చదవాలని! తప్పిన సబ్జెక్టు మీద అంత మోజు పుట్టించింది మా సార్.

హైడ్రోజన్ పరమాణువును ఆయన ఎండిన బావిలా చూపేవారు. నేలమట్టం సున్నా, దిగేకొద్దీ మైనస్. అట్టడుగు మెట్టు మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, దానిపైది మైనస్ 3.4, మూడోది మైనస్ 1.51. ఎలక్ట్రాన్ పై మెట్టు నుంచి కిందికి దూకితే ఆ రెంటి తేడా వెలుగై బయటికొస్తుంది, ఒక్కో తేడాకు ఒక్కో రంగు. మూడో మెట్టు నుంచి రెండోదానికి దూకితే ఎంతని అడిగితే, నేను గుండుగుత్తగా 2 అనేదాన్ని.

"ఇది మీ అంగడి కాదు పాపా. ఎలక్ట్రాన్ రవ్వంత గూడా తగ్గదు, పెరగదు" అని నవ్వేవారు సార్.

బేరానికి లొంగని ఆ ఎలక్ట్రాన్ మీద, దాన్నలా చూపించిన మనిషి మీద నాకు ఒకేసారి గౌరవం కలిగింది.

నేను మళ్ళీ పరీక్ష రాసేలోపే సార్ చనిపోయారు.

పరీక్ష ముందురోజు మధ్యాహ్నం ల్యాబులో, ఆయన బల్ల దగ్గర అదే లెక్క చేస్తున్నాను. అలవాటుగా 2 అని రాశాను. మనసొప్పక కొట్టేసి, 1.89 అని రాశాను.

బల్ల మీద, హైడ్రోజన్ వాయువు నింపిన గాజు ట్యూబు ఎర్రగా వెలిగింది.

అటెండర్ ఖాజా అన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. "కరెంటు యాడుండాది పాపా? పొద్దున్నుంచీ లేదు గదా!"

నిజమే, ఫ్యాను తిరగడం లేదు. బల్ల కిందికి దూరి చూశాను. ప్లగ్గు పెట్టనేలేదు, వైరు సార్ చుట్టిపెట్టినట్టే ఉంది.

"అన్నా, నువ్వేమన్నా చేసినావా?"

"నేనా? ఫ్యూజు ఎయ్యమంటేనే పారిపోతా!"

మేమిద్దరం చూస్తుండగానే అది మెల్లగా ఆరిపోయింది.

మర్నాడు ఒక్క లెక్కనూ గుండుగుత్త చేయలేదు. పాసయ్యాను. ఇప్పుడు అదే ల్యాబులో పాఠం చెబుతున్నాను. వంకాయల దగ్గర మాత్రం ఇప్పటికీ బేరమే.

ఆ ట్యూబుకు కరెంటిస్తే గులాబీ రంగులో వెలుగుతుంది. రకరకాల దూకుళ్ళ రంగులన్నీ అందులో కలుస్తాయి. ఎన్నిసార్లు వెలిగించినా అంతే. ఆ మధ్యాహ్నం మాత్రం అచ్చమైన ఎరుపు. మూడో మెట్టు నుంచి రెండోదానికి దూకితే వచ్చేది, నేను రాసిన 1.89కి సరిపోయేది, ఆ రంగొక్కటే.

మిగతా రంగులన్నీ ఆపి, దాన్నొక్కదాన్నే నాకు చూపించిందెవరో ఇప్పటికీ తెలియదు.