సోమమ్మ మింగలేని ముద్ద

అచ్చంపేటకు నాలుగు కోసుల దూరంలోని పల్లెలో కురుమయ్యకు ఒక గొర్ల మంద, ఇద్దరు పిల్లలు. కొడుకు జానయ్యకు పదహారేళ్లప్పుడు చిరుత అతని పక్కనే ఉన్న గొర్రెను లాక్కుపోయింది. తర్వాత వారంపాటు అతను ముద్ద ముట్టలేదు. పిల్లగాడు జడుసుకున్నాడని తండ్రి బండి కట్టి అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయాడు. కోలుకునేదాకా మంద వెంట పంపలేదు.

రెండేళ్లకు, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, కూతురు సోమమ్మ తిండి మానేసింది. బోనాలనాడు మేనత్త గొంతులో మాంసం ముక్క అడ్డం పడి, సోమమ్మ కళ్లెదుటే ప్రాణం విడిచింది. అప్పటినుంచి ముద్ద నోట పెట్టుకుంటే చాలు, సోమమ్మ గొంతు మూసుకుపోయేది. అంబలి కూడా ఉమ్మేసేది.

ఈడొచ్చిన పిల్ల కదా, చచ్చిన మేనత్తే దయ్యమై పట్టిందన్నారు ఊళ్లోవాళ్లు. తల్లి బక్కమ్మ మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది. కురుమయ్య మంత్రగాణ్ని పిలిపించాడు. అతను సోమమ్మను తలుపు మూసిన కొట్టంలో కూర్చోబెట్టి మిరపకాయల పొగ వేశాడు. ఊపిరాడక ఆమె పడిపోయింది. దయ్యం మొండిదట, వచ్చే ఆదివారం మళ్లీ వేయాలట.

ఆదివారం దగ్గరపడేకొద్దీ మంచినీళ్లు కూడా దిగడం మానేశాయి. వాకిట్లో ఎవరి అడుగు చప్పుడైనా సోమమ్మ ధాన్యం పోసే గులుగు వెనక్కి పోయి నక్కేది.

శనివారం పొద్దున జానయ్య తండ్రి ముందు నిలబడ్డాడు.

“నేను తినకుంటే దవాఖానకు తీస్కపోయినవ్ బాపూ. చెల్లె తినకుంటే పొగ పెట్టిస్తున్నవ్.”

“ఆడివిల్ల గదరా. దవాఖానల పండవెడితే నలుగురేమంటరు?”

జానయ్య చెల్లెల్ని వీపు మీద ఎక్కించుకొని దవాఖానకు నడిచాడు. ఆమెలో బరువే లేదు. దారిలో ఆమె ఊపిరి వినపడనప్పుడల్లా భయపడి ఆగి, పేరు పెట్టి పిలిచేవాడు.

దవాఖానలో ప్రమీలమ్మ అనే నర్సు ఆమె పక్కన కూర్చుంది. “ఏమైతదని భయం బిడ్డా?”

ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. “మింగితే అత్తలెక్క సచ్చిపోత,” అంది సోమమ్మ.

ప్రమీలమ్మ నవ్వలేదు. పలచటి గంజి చెంచాతో తానొక గుక్క తాగి, ఆమెకొక గుక్క పట్టింది. మొదటిరోజు మూడు చెంచాలు దిగాయి. పదకొండో రోజుకు మెత్తటి అన్నం తింది. మూడోనాడే వచ్చిన కురుమయ్య లోపలికి రాలేక గుమ్మం దగ్గరే కూర్చుండిపోయాడు. ఇంటికెళ్లాక మంత్రగాణ్ని మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

సోమమ్మకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. గొంతులో పట్టు మాత్రం పూర్తిగా వదల్లేదు. అందరూ తిన్నాక, చెంబెడు నీళ్లు పక్కన పెట్టుకొని, చిన్నచిన్న ముద్దలు చేసుకొని ఒంటరిగా తినేది. ఆడమనిషి ఆఖరున తినడం అత్తగారింట ఎవరికీ వింతగా తోచలేదు.