బూరపిల్ల డబల్ కోర్సు

ఆ రోజుల్లో మనిషికి ఒక్క చదువు ఏం సరిపోతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడైతే ఆ ఒక్కటీ ఎక్కువేమో అనిపిస్తుంది గాని, అప్పుడు నాది పద్దెనిమిదేళ్ల వయసు, అనుమానాలకి తీరిక ఉండేది కాదు. పొద్దున్నే ఆడపిల్లల కాలేజీలో బీఏ చరిత్ర ఆనర్సు. అది అయ్యీ అవగానే బస్సు పట్టుకుని, పాశ్చాత్య సంగీతం నేర్పే స్కూల్లో డిప్లొమా. ఒకచోట మొగలుల పన్నుల విధానం, ఇంకోచోట శ్వాస పీల్చే విధానం. (రెండిట్లోనూ నాకు మొదటి ఏడాదంతా పట్టుబడింది ఊపిరాడకపోవడం ఒక్కటే.) మాది బెంగాలీల మహానగరంలో, వాట్‌గంజ్‌లో రేవు గోడ వెనక సందు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లం. నాన్న మున్సిపాలిటీ చెత్తబండి మీద పని, అమ్మ మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చి గుండీలు కుట్టేది. అలాంటి ఇంట్లోంచి ఒక పిల్ల రెండు చదువులు చదువుతానంటే ఎవరైనా ఒకటి మానెయ్యమంటారు. మా అమ్మయితే రెండూ మానెయ్యమంది.

నాకు అబ్బిన వాయిద్యం ట్రాంబోను. అబ్బిందనడం కన్నా తగులుకుందనడం న్యాయం. సిస్టర్ల బళ్లో చదివేటప్పుడు బ్యాండులో బాగా వాయిస్తున్నానని, ఫీజు లేకుండా సంగీతం స్కూల్లో చేర్చారు. వయొలిను అడిగాను. వయొలిన్లన్నీ అయిపోయాయి. ఫ్లూటు అడిగాను. దానికి అప్పటికే వరస ఉంది. అక్కడ ఊదుడు వాయిద్యాలు నేర్పే ముసలాయన, వయసులో ఉండగా పెద్ద హోటళ్లలో డాన్సు బ్యాండుల్లో వాయించినవాడు, నన్ను ఎగాదిగా చూసి "చేతులు పొడుగ్గా ఉన్నాయి" అని, సామాన్ల గదిలోంచి ఒక పొడవాటి పెట్టె ఈడ్చుకొచ్చాడు. తెరిస్తే ఇత్తడి గొట్టం. ముందుకీ వెనక్కీ జరిగే ఇంకో గొట్టం. అలా మొదలైంది. మా సందులో ఎవరికీ ట్రాంబోను అనే మాట నోరు తిరగలేదు కాబట్టి అది బూర అయింది, నేను బూరపిల్లనయ్యాను. సంగీతం స్కూలు ముసలాయనకి నేను పెట్టుకున్న పేరు ఊపిరి సారు. ఆయన ఏ ప్రశ్నకైనా చెప్పే జవాబు ఊపిరి గురించే.

మా ఇల్లంటే ఒకటే గది. అందులో మంచం, పొయ్యి, అమ్మ కుట్టే చొక్కాల గుట్ట. ఇక బూర జరిగే చోటు ఎక్కడ? గుమ్మంలో నిలబడి వీధి వైపు తిరిగి ఊదేదాన్ని. మంద్రస్థాయికి వచ్చేసరికి ఆ జారుడు గొట్టం సందు మధ్యదాకా వెళ్లిపోయేది. సైకిళ్ల వాళ్లు తలలు వంచేవారు. ఎదురింటి పెద్దమ్మ ఒకసారి దాని దెబ్బకి నీళ్ల బిందె వదిలేసి, "ఓలమ్మో, సంపీసినాది! ఇది సదువేటే, సంపుడుగాని!" అని సందంతా వినిపించేలా శోకాలు పెట్టింది. అప్పుడు రంగంలోకి దిగినవాడు మా మావ, అమ్మకి తమ్ముడు. సన్నగా, చువ్వలా ఉండేవాడు. పని నుంచి వచ్చి, ఒళ్లు రెండుసార్లు సబ్బుతో తోముకుని, తల తడారకుండానే సందు మధ్యలో నిలబడి ట్రాఫిక్ పోలీసులా చేతులు చాపేవాడు. "బూర ఒస్తంది, తప్పుకోండి! ఏయ్ దాదా, సైకిల్ రోకో! మా గుంట డబల్ కోర్సు సేత్తంది!" బీఏ అంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పలేదు. బీఏ అంటే బాజా అని ఆయన లెక్క. టీ కొట్టు దగ్గర అందరికీ అదే చెప్పాడు. నేను దిద్దబోతే, "మరి బీ అంటే బాజా కాకపోతే ఏటే?" అన్నాడు.

రెండో ఏడాది వచ్చేసరికి రెండు చోట్లా నా హాజరు తక్కువైంది. కాలేజీలో చరిత్ర మేడమ్ పిలిచి, ఎంతో జాలిగా, "చూడమ్మా, బ్యాండు మేళం తర్వాతైనా నేర్చుకోవచ్చు. డిగ్రీ ముఖ్యం" అంది. అదే వారం ఊపిరి సారు, "చరిత్ర ఎక్కడికీ పోదు, చచ్చినవాళ్లు ఆగుతారు. పెదాలు ఆగవు. ఇప్పుడు పట్టకపోతే మరి పట్టవు" అన్నాడు. పైగా ఆ ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షకి విదేశం నుంచి పరీక్షకుడు వస్తాడని, అందులో తప్పితే ఫీజు లేని సీటు పోతుందని ఆఫీసులో చెప్పారు. నేను ఇంటికి వచ్చి మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చాను. మావ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. లోపలికి వచ్చేవాడు కాదు. ఎంత తోమినా వాసన పోలేదని ఆయనకో అనుమానం. "ఏటైనాది?" అన్నాడు. చెప్పాను. కాసేపు బీడీ కాల్చి, "ఆలకి సెరొక ముక్క గావాలంట. నువ్వు ముక్కలవకే. రెండూ సదువు. బూర నాను మోత్తాను" అన్నాడు. ఆ తర్వాత పని లేని రోజుల్లో నిజంగానే మోశాడు. బస్‌స్టాపు నుంచి ఇంటిదాకా ఆ నల్ల పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు ఆయన, పుస్తకాలతో వెనక నేను. దారిలో ఎవరో పిల్లాడి శవపేటిక అనుకుని టోపీ తీసి నిలబడ్డారు. మావ గంభీరంగా తలాడించి ముందుకు నడిచాడు.

మావ పని ఒక కాంట్రాక్టరు కింద. రేవు పక్క గోడౌన్లలో కాలవలు పూడుకుపోతే మూత తీసి లోపలికి దిగేవాడు. అలా దిగేవాళ్లకి ముసుగు, గాలి గొట్టం, తాడు ఇవ్వాలట. మావకి ఇచ్చింది తాడొక్కటే. ప్రాక్టికల్‌కి ముందు రోజు ఆ తాడు పైకి లాగడానికి పనికొచ్చింది.

కబురు నాన్న ఫోన్లో చెప్పాడు. "మీ మావ పోనాడే" అని ఫోను పట్టుకునే ఉన్నాడు. వెనకాల బస్సు హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్న ఆస్పత్రి వాళ్లు శవాన్ని ఇచ్చారు. ఇంట్లో అమ్మ కళ్లు తుడుచుకుంటూ నా బూర పెట్టె గుమ్మం దగ్గర పెట్టింది. రెండు చదువులూ మానెయ్యమన్న మనిషే. "నువ్వు పరీచ్చకెల్లు. ఆడుంటే పంపీసీవోడు. దారిలో ఒక్కపాలి ముకం సూసీసి ఎల్లిపో" అంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నల్ల స్కర్టు వేసుకుని బయల్దేరాను. (పరీక్షకి అవే వేసుకోవాలని నియమం. ఆ రోజు అక్కడ అంత శుభ్రంగా ఉన్నది శవం మీది గుడ్డ, నేను.)

మా వాళ్లు శవాన్ని శ్మశానానికి తీసుకెళ్లలేదు. తోపుడు బండి మీద పెట్టి కాంట్రాక్టరు ఆఫీసు ముందుకి తీసుకొచ్చారు. ఆఫీసు మేడ మీద, కింద ఇనుప సామాన్ల దుకాణం. మావ పెళ్లాం, మా అత్తకి ఏదో ఒక ఆధారం చూపిస్తానని కాంట్రాక్టరు నలుగురి ముందూ చెబితే చాలు, తీసుకెళ్లిపోతామన్నారు. ఆయన కిందకి రాలేదు. మేనేజరు వచ్చి, సారు ఫోన్లో ఉన్నారన్నాడు. ఎండెక్కింది. ఐసు కరిగి బండి కింద నీళ్లు కారుతున్నాయి. నలుగురు పోలీసులు వచ్చి నీడలో నిలబడ్డారు. మా వాళ్లు నినాదాలివ్వడానికి ప్రయత్నించారు గాని, జీవితమంతా "హా దాదా, హా బాబూ" అని ఒప్పుకుంటూ బతికిన గొంతులు, రెండు కేకలకే బొంగురుపోయాయి. మేడ మీద అద్దాల కిటికీ, ఏసీ చప్పుడు. నేను ముఖం చూశాను. చూసి వెళ్లిపోవాలి. బస్సులు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి.

అత్త అంతవరకూ బండి చక్రానికి ఆనుకుని కూర్చుంది, ఏడవడం కూడా మానేసి. తల పైకెత్తి నా పెట్టె వైపు చూసింది.

"ఊదే" అంది.

"ఏటత్తా?"

"ఊదే. ఆడికి ఇనబడాల. మనం అరిత్తే ఇనబడనేదు కదా."

"నాకు పరీక్ష ఉందత్తా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. అత్త తిట్టలేదు. "అయితే ఎల్లమ్మా" అంది, మామూలుగా. నేను పెట్టె కింద పెట్టి తాళం తీశాను.

ఏం ఊదాలి? నోట్సు చూడకుండా వచ్చింది పరీక్ష పాట ఒక్కటే. అది ఏదో దేశపు రైతులు పంట ఇంటికొచ్చాక గెంతులేసే డాన్సు పాట. ఊపిరి సారు ఏడాది పొడుగునా తల పట్టుకున్నాడు: "పిల్లా, ఇది గెంతే పాట. నువ్వు శవం వెనక నడుస్తున్నట్టు వాయిస్తున్నావు." ఆ రోజు ఆయన లేడు, వేగం పెంచమనేవాళ్లు లేరు. అద్దాల కిటికీకి గురిపెట్టి మొదలుపెట్టాను. మొదటి స్వరమే తప్పు పలికింది. గేదె అరిచినట్టుగా వచ్చింది. ఇనుప దుకాణం వాడు తూకం వదిలేసి బయటికొచ్చాడు. రెండోసారి కాస్త కుదిరింది. ఆ గెంతే పాట, నేను ఊదే తీరులో, రోడ్డంతా పాక్కుంటూ పోయింది. మా వాళ్లలో ఆడవాళ్లు అది ఏదో చావు పాటే అనుకుని శోకం అందుకున్నారు. పాట అయిపోతే మళ్లీ మొదటి నుంచి. మళ్లీ. పెదాలు ఉబ్బి మొద్దుబారిపోయాయి, మూతి తీస్తే పళ్ల మీద రక్తపు రుచి. ఒక కుర్ర పోలీసు దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "దీదీ, ఇంకో పాటేదీ రాదా మీకు?" అని బెంగాలీలో అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన నిట్టూర్చి నీడలోకి వెళ్లిపోయాడు.

చివరికి అద్దాల కిటికీ తెరుచుకుంది. కాంట్రాక్టరు తల బయటపెట్టి, "కే బాజాచ్ఛే? థామావ్!" అని అరిచాడు. ఎవరు వాయిస్తున్నారు, ఆపించండని. ఆపలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆయన చేతిలో ఫోను పట్టుకుని ఎర్రబడ్డ ముఖంతో కిందకి వచ్చాడు. మనసు కరిగి వచ్చాడని మీరనుకుంటే పొరపాటు. ఫోన్లో అవతలివాళ్ల మాట వినబడటం లేదట, అదీ ఆయన బాధ. "చనిపోయినందుకు నాకూ విచారంగానే ఉంది, కానీ ఈ గోల ఏమిటి?" అన్నాడు. ఆ గోల అనే మాట పూర్తయ్యేలోపు అత్త లేచి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. లాగలేదు, చింపలేదు. పట్టుకుంది, అంతే. "ఇప్పుడు సెప్పు" అంది తెలుగులోనే. ఆయనకి తెలుగు రాదు. అయినా అర్థమైంది. పోలీసులు అడుగు ముందుకేశారు. మా నాన్న, చెత్తబండి మేస్త్రీ పిలిస్తేనే వణికే మనిషి, వాళ్లకీ అత్తకీ మధ్య వచ్చి నిలబడ్డాడు. అలా చాలాసేపు నిలబడ్డారు అందరూ. తర్వాత కాంట్రాక్టరు, పోలీసుల ముందు, దుకాణం వాళ్ల ముందు, అత్తకి గోడౌన్లో ఊడ్చే పని ఇప్పిస్తానని, అంత్యక్రియల ఖర్చు తనదేనని గట్టిగా చెప్పాడు. అప్పుడుగాని ఆ పిడికిలి విడలేదు.

శ్మశానం నుంచి నేరుగా సంగీతం స్కూలుకి వెళ్లాను. పరీక్షకుడు వెళ్లిపోయి చాలాసేపయింది. ఊపిరి సారు ఒక్కడే వరండాలో కూర్చుని ఉన్నాడు. నా చొక్కా మీది మసి, ఉబ్బిన మూతి చూశాడు.

"ఎక్కడికి పోయావు?"

"వాయిస్తున్నాను సార్."

"ఎక్కడ?"

చెప్పాను. అంతా విని, "ఊపిరి సరిగ్గా తీశావా?" అన్నాడు.

"తీశాను సార్."

"సరే" అని లేచి, మొహం అటు తిప్పుకుని, కుర్చీ లోపలికి తీసుకెళ్లాడు. ఆయన ఎంత మొత్తుకున్నా ఫీజు లేని సీటు పోయింది. డిప్లొమాకి ఇంకో రెండేళ్లు ఎక్కువ పట్టింది, మధ్యలో పెళ్లి బ్యాండులో వాయించి ఫీజు కట్టుకున్నాను. బీఏ మాత్రం ఓ మాదిరి మార్కులతో గట్టెక్కింది. అత్త పని మరుసటి వానాకాలం దాకా ఉంది. ఆ తర్వాత కాంట్రాక్టరు మారాడు. కొత్తాయన పాత మాటలు తనవి కావన్నాడు. అత్త ఇప్పుడు ఒక నర్సింగ్‌హోమ్‌లో నేల తుడుస్తుంది.

నేను షాలిమార్ రైలు యార్డు దగ్గర ఒక బళ్లో పనిచేస్తున్నాను. ఇంటర్వ్యూలో హెడ్‌మిస్ట్రెస్ నా రెండు చదువులూ చూసి తెగ సంతోషపడింది. చరిత్ర టీచరు, బ్యాండు టీచరు ఒకే జీతంలో దొరికారని. పోయిన చలికాలం బడి వార్షికోత్సవానికి మా పిల్లల బ్యాండు మొదటిసారి వాయించింది. అమ్మా నాన్నలతో పాటు అత్తని కూడా పిలిచాను. వెనక వరసలో కూర్చుంది. పిల్లలు వాయిస్తుంటే స్టేజీ పక్కనుంచి చూశాను, కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుని ఉంది. ఆ ఎండ, ఆ బండి, ఆమెకి గుర్తొచ్చాయనుకున్నాను. ఆమెని ఎలా ఓదార్చాలా అని, చరిత్రా సంగీతమూ కలిపి చదివిన బుర్రలో మంచి మంచి మాటలు పేర్చుకుంటూ, అయిపోగానే పరుగున వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"ఏడవకత్తా" అన్నాను.

"ఏడుపేటే? ఆ లైట్లు కల్లల్లో పడతన్నాయి. ఆకలేత్తంది, ఎప్పుడు పెడతారు?" అంది.

పేర్చుకున్న మాటలన్నీ అక్కడే వదిలేసి, ఆమెని గేటు బయటి కచోరీ బండి దగ్గరికి తీసుకెళ్లాను. పద్దెనిమిదేళ్లప్పటి నన్ను తలుచుకుని నవ్వొచ్చింది. రెండు చదువులు చదివితే ఎవరికి ఎప్పుడు ఏం కావాలో తెలిసిపోతుందని ఆ పిల్ల ఎంత గట్టిగా అనుకునేది! అత్త రెండు కచోరీలు తిని, నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మీ మావుంటే ముందు వరసలో కూకుండీవోడే" అంది.

"కూర్చునేవాడు కాదత్తా, చేతులు చాపి నిలబడేవాడు" అన్నాను.

"అవునే" అంది అత్త. ఇద్దరం ఇంకో ప్లేటు చెప్పాం.